ఇద్దరిని సగానికి తగ్గిస్తే ముగ్గురు

ఆ కరోనా రోజుల్లో మనుషులకే కాదు, పుస్తకాలకు కూడా క్వారంటైన్ ఉండేదంటే ఇప్పుడు అందరూ నవ్వుతారు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. సూరత్‌లో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో నేను కాంట్రాక్టు మీద కొత్తగా చేరాను. ఎవరైనా పుస్తకం తిరిగిస్తే దాన్ని ఒక గదిలో పెట్టి తలుపు వేసేవాళ్లం, కొన్నాళ్లపాటు ఎవరూ ముట్టుకోకూడదు. మా లైబ్రేరియన్ సాహెబ్ రోజూ పొద్దున్నే ఆ గది కిటికీలోంచి తొంగిచూసి, "అన్నీ బాగున్నాయా?" అని గుసగుసగా అడిగేవారు. (లైబ్రరీలో తుమ్ము వచ్చినా బయటికెళ్లి తుమ్మి వచ్చే మనిషి. అందుకే ఆయనకు మేము మౌనం సాహెబ్ అని పేరు పెట్టుకున్నాం.) "బాగున్నాయి సార్" అనేదాన్ని. ఒకసారి "ఆ లావు డిక్షనరీ కొంచెం నీరసంగా ఉంది సార్" అనబోయి, కొత్త ఉద్యోగం కదా అని మింగేశాను.

ఆ ఉద్యోగం మా ఇంటికి చిన్న విషయం కాదు. మేముండేది ఊరి శివార్లలో భేస్తాన్‌లో, మగ్గాల పనికి వచ్చిన తెలుగువాళ్ల కాలనీలో. మా బాపు మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. మగ్గాల దగ్గర కుర్చీ ఉండదు, పని మొదలైనప్పటి నుంచి దిగేదాకా నిలబడే ఉండాలి. అలాంటి ఇంట్లో నాకు కుర్చీ ఉన్న ఉద్యోగం వచ్చిందని బాపు కాలనీ అంతా చెప్పుకొచ్చాడు. జీతం ఎంతని ఎవరైనా అడిగినా, "అది ఇడ్సిపెట్టు, కూసుండి జేసే నౌకరీ" అనేవాడు. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయి, కాలనీలో సగం మంది మూటలు కట్టుకుని ఊళ్లకు వెళ్లిపోయినా, "బిడ్డ నౌకరీ ఉన్నది, ఎట్ల వోతం?" అని బాపు కదల్లేదు. ఇంట్లో ఆ కుర్చీ ఒక్కటే నడుస్తోంది, మిగతావన్నీ బందే.

అలాంటి సమయంలో ఒకరోజు మౌనం సాహెబ్ నన్ను పిలిచి, లైబ్రరీకి ఎంతమంది కావాలో తేల్చడానికి ఒక కమిటీ వస్తోందని చెప్పారు. మా దగ్గర కాంట్రాక్టు వాళ్లం ఇద్దరమే. ఒకరు నేను, రెండోది అందరూ ఫోయీ అని పిలిచే పెద్దావిడ. ఫోయీ అంటే గుజరాతీలో మేనత్త. ఆవిడ ఎవరికీ మేనత్త కాదు గానీ అందరినీ మేనత్తలాగే తిట్టేది. మేము ఏజెన్సీ ద్వారా వచ్చాం కాబట్టి అసలు ఎంతమందిమి ఉన్నామో పైఆఫీసులో ఎవరికీ సరిగ్గా తెలియదు. "పాఠకులు కనబడకపోతే ఒకరిని తీసేస్తారు" అన్నారు సాహెబ్, నా వైపు చూడకుండా. ఆ ఒకరు ఎవరో అడగనక్కర్లేదు, ఫోయీ నా కంటే చాలా ముందు వచ్చింది. పాఠకులా, హాస్టళ్లు మూసేశారు, క్లాసులు ఫోన్లలో నడుస్తున్నాయి. హాల్లో ఫ్యాన్లు తప్ప తిరిగే ప్రాణి లేదు.

ఇంటికి వచ్చి ఏడుపు ముఖంతో విషయం చెప్పాను. అవ్వ (మా అమ్మను అలాగే పిలుస్తాం) పొయ్యి మీది చాయ్ దించడం మరిచిపోయింది. బాపు మాత్రం చాలా తేలిగ్గా తీసుకున్నాడు.

"ఏంది బిడ్డా, గింత దానికే ఏడుస్తవా? సేటు లోపటికి అడుగు వెడుతుంటె మగ్గం ఆగి కనవడద్దు, గంతే."

"మగ్గం కాదు బాపు, లైబ్రరీ. చదివేటోళ్లు ఉండాలె. జనమే లేరు."

"జనం లేరంటవేంది? మన కాలనీల ఎవలను జూసినా ఖాళీగనే ఉన్నరు గదా!"

ఆ మాట అప్పుడు నాకు గొప్ప ప్రణాళికలా తోచింది. (అంత చదువు చదివి, లైబ్రరీ నిర్వహణలో మంచి మార్కులు తెచ్చుకున్న నాకు!) మర్నాడు భయపడుతూనే సాహెబ్‌ను అడిగాను, మా కాలనీ వాళ్లు కొందరు వచ్చి హాల్లో కూర్చోవచ్చా అని. "చదువుకునేవాళ్లేనా?" అన్నారు. "ఖాళీగా ఉన్నారు సార్" అన్నాను. మంచి పాఠకుడికి అదే ముఖ్యమైన లక్షణం అనుకున్నారో ఏమో, కుర్చీ వదిలి కుర్చీలో కూర్చోబెట్టమని చెప్పి వెళ్లిపోయారు.

కమిటీ వచ్చే రోజు ఫోయీ సెలవులో ఉంది. పొద్దున బాపు ఆరుగురు పాఠకులను టెంపోలో దింపాడు, తనతో కలిపే లెండి. అందరూ పెళ్లికి వేసుకునే చొక్కాల్లో, మాస్కుల్లో ఉన్నారు. వాళ్లలో ముఖ్యుడు బీమ్ మామ. పడుగు నూలు చుట్టిన బీములనే బరువైన రోలర్లను మగ్గాలకు మోసి మోసి ఆయనకా పేరు వచ్చింది. వాళ్లను కూర్చోబెట్టి, చేతికొక పుస్తకం ఇచ్చాక గుర్తొచ్చింది నేను మరిచిపోయిన సంగతి. మగ్గాల చప్పుడులో బతుకంతా గడిపినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. కార్ఖానాలో పెదాలు చూసి, చేతి సైగలతో మాట్లాడుకుంటారు, బయటికొస్తే గొంతెత్తి అరుస్తారు. ఇక్కడ పెదాలు మాస్కుల వెనకాల ఉన్నాయి.

"ఓ బిడ్డా! గీ పుస్తకంల ఒక్క బొమ్మ గూడ లేదేందే?" అని బీమ్ మామ ఆ చివరి నుంచి కేకేశాడు.

"జర మెల్లగ మాట్లాడుండ్రి!" అని ఇంకో కాకా అంతకంటే గట్టిగా అరిచాడు. లోపల గదిలో సాహెబ్ చేతిలోంచి ఏదో కింద పడిన చప్పుడైంది. నేను పరుగెత్తుకెళ్లి అందరికీ దండం పెట్టాను. "మీకు పుణ్యం ఉంటది, నోరే తెరవకుండ్రి. కార్ఖానల లెక్క చేతులతోనే మాట్లాడుకోండ్రి." ఆ మాట బ్రహ్మాండంగా పనిచేసింది. హాల్లో సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. చేతులు మాత్రం గాలిలో ఆడుతున్నాయి. ఇక నా కుర్చీకి ఢోకా లేదనుకున్నాను.

కమిటీ మేడమ్ ఇద్దరు సభ్యులను వెంటేసుకుని గుమ్మంలో అడుగు పెట్టింది. పెట్టగానే ఆరుగురూ స్ప్రింగుల్లా లేచి నిలబడ్డారు.

ఇక్కడ మీకు కార్ఖానా పద్ధతి ఒకటి చెప్పాలి. సేటు గుమ్మంలో కనబడితే కూర్చున్నవాడు లేవాలి, లేచినవాడు మగ్గం వెనక్కి వెళ్లి, వంగి, తెగిన పోగు కోసం వెతకాలి. పోగు తెగకపోయినా సరే, వెతకాలి. ఖాళీగా కనబడితే పని పోతుంది. ఆ భయం ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, తాము పాఠకులమన్న సంగతి ఆరుగురూ ఒక్క క్షణంలో మరిచిపోయారు. ముగ్గురు అల్మారాల వెనక్కి దూరి, వంగి, పుస్తకాల వీపుల మీద వేలితో తడుముతూ తెగిన పోగు వెతుకుతున్నారు. ఒక కాకా మెడలో తువ్వాలు తీసి బల్లలు తుడుస్తున్నాడు. మా బాపు కిటికీలు ఒక్కొక్కటే మూసి మళ్లీ తెరుస్తున్నాడు. బీమ్ మామ సంగతి చెప్పాలంటే నాకిప్పటికీ నవ్వుతో కడుపు నొప్పి వస్తుంది. బల్ల మీదున్న గుజరాతీ విజ్ఞాన సర్వస్వం సంపుటాలన్నీ ఒక్కసారి భుజానికెత్తుకుని, హాలు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, అక్కడ దించి, ఒక నిమిషం ఆలోచించి, మళ్లీ ఎత్తుకుని వెనక్కి వచ్చాడు. ఒక్కరూ నోరు విప్పడం లేదు, నోరు విప్పొద్దన్నది నేనే కదా.

దగ్గరున్న కుర్చీలో కూలబడి, దొరికిన పుస్తకం తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. చెప్పుల చప్పుడు వచ్చి నా పక్కనే ఆగింది. పుస్తకం దించి, మేడమ్‌ను చూసి లేవబోయాను.

"బైఠో బేటా, బైఠో" అంది మేడమ్, ఎంతో ప్రేమగా. తర్వాత హిందీలోనే అడిగింది. "ఇంత కరోనాలో కూడా చదువుకోవడానికి వచ్చావా? ఏం చదువుతున్నావు?"

అట్ట చూశాను. చెరకు పంటకు పట్టే తెగుళ్లు. "చెరకు, మేడమ్" అన్నాను.

"చాలా సంతోషం. ఇక్కడ సిబ్బంది బాగా చూసుకుంటున్నారా?"

మేడమ్ వెనక మౌనం సాహెబ్ చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు. కాదు, ఆ అమ్మాయి సిబ్బంది, వీళ్లు పాఠకులు అని చెప్పాలంటే, భుజం మీద విజ్ఞాన సర్వస్వంతో నడుస్తున్న పాఠకుడిని చూపించాలి. సాహెబ్ తన పేరు సార్థకం చేసుకున్నారు. "బాగా చూసుకుంటున్నారు మేడమ్" అన్నాను నేను, ఏడుపు ఆపుకుంటూ. వెళ్తూ వెళ్తూ మేడమ్ సాహెబ్‌తో అనడం నా చెవిన పడింది. "ఒక్క పాఠకురాలికి ఆరుగురు పనివాళ్లా? ఇది చాలా ఎక్కువ."

నా ఉద్యోగం పోయినట్టే. టెంపోలో ఇంటికొస్తూ దారిపొడుగునా ఏడ్చాను. ఇంట్లో అడుగు పెట్టగానే బాపు మాత్రం చెప్పులైనా విప్పకుండా అవ్వను పిలిచాడు.

"ఇగో, ఇన్నవా? గంత పెద్ద ఆఫీసరు నిలవడ్డది, మన బిడ్డ కూసున్నది. లేవబోతె, బైఠో బేటా అన్నది!"

"నౌకరీ ఉంటదా, పోతదా?" అంది అవ్వ.

"అది నాకు ఎర్కలేదు. బైఠో అన్నదే!" అన్నాడు బాపు. అప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది.

కొన్నాళ్లకు ఆర్డరు వచ్చింది. సాహెబ్ దాన్ని చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివి, నాకూ ఫోయీకీ వినిపించారు. లైబ్రరీలో కాంట్రాక్టు సిబ్బంది అవసరానికి మించి ఉన్నందున, ఆరుగురిని సగానికి తగ్గించి ముగ్గురితో నడపాలి. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఉన్నది ఇద్దరం. "ఆర్డరు ఆర్డరే" అన్నారు సాహెబ్ గుసగుసగా. "ముగ్గురు ఉండి తీరాలి." అలా సిబ్బందిని తగ్గించమన్న ఆర్డరును పాటించడానికి మా లైబ్రరీలో ఒక మనిషిని పెంచారు. ఆ మూడో మనిషి బీమ్ మామ. మగ్గాలు మళ్లీ మొదలయ్యేదాకా ఆయన క్వారంటైన్ పుస్తకాలను భుజం మీద మోశాడు. ఫోయీ ఆయనను గుజరాతీలో తిట్టేది, ఆయన చేతులతో జవాబు చెప్పేవాడు.

ఇప్పుడు నేను సూరత్‌లోనే ఆల్థాన్ వైపు ఒక కాలేజీ లైబ్రరీలో పర్మనెంటు. ఎవరైనా పెద్ద అధికారి వస్తే ఇప్పటికీ సగం లేస్తాను, ఆనాటి పిల్ల గుర్తొచ్చి నవ్వుకుని కూర్చుంటాను. మొన్న నేను టిఫిన్ డబ్బా మరిచిపోతే బాపు తెచ్చి ఇచ్చాడు. తలుపు పక్కన నిలబడిపోయాడు.

"కూసో బాపు."

"ఎవలన్న వస్తరేమో బిడ్డా."

"వస్తె రానీ. బైఠో."

బాపు కుర్చీ అంచున కూర్చున్నాడు. తర్వాత కొంచెం వెనక్కి జరిగాడు. చేతులు రెండూ కుర్చీ చేతుల మీద పెట్టుకుని, హాలంతా ఒకసారి కలియజూసి, మగ్గాల మధ్య అరిచే గొంతుతో అడిగాడు. "బిడ్డా, గా చెరుకు పుస్తకం ఈడ గూడ ఉన్నదానే?"

హాల్లో తలలన్నీ లేచాయి. ఉష్ అనాల్సింది నేనే. అనలేదు.