చద్దరు మీద శాస్త్రవేత్త

ఆయన వస్తున్నాడని తెలిసిన రోజు మా భవాని పేట్‌లో సాంచాల, అదే మరమగ్గాల, చప్పుడు కంటే మనుషుల చప్పుడే ఎక్కువైంది. టీవీలో కనిపించే మనిషి, చంద్రుడి గురించి పుస్తకాలు రాసిన మనిషి, మా పిల్లల బడికి వస్తాడట. పాలవాడు చెప్పాడు, ఆటోవాడు చెప్పాడు. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోతే వరుసలో నా ముందు నిలబడ్డామె వెనక్కి తిరిగి నాకే చెప్పింది. నాకు కొత్తగా చెప్పేదేముంది? ఇంట్లో మనవరాలు చెప్పీ చెప్పీ అప్పటికే నా చెవులు గింగురుమంటున్నాయి.

తొమ్మిదో తరగతి చదివే ఆ పిల్లకు ఆయనంటే ప్రాణం. పేపర్లో ఆయన ఫోటో వస్తే చాలు, నా బీడీ కత్తెర మాయమయ్యేది. లైబ్రరీ నుంచి ఆయన పుస్తకాలు తెచ్చి, నేను చాట ముందేసుకొని ఆకు కత్తిరిస్తుంటే పక్కన కూర్చుని ఇక్కడి బడి భాష మరాఠీలో చదివి, మన తెలుగులో విప్పి చెప్పేది. అట్లా చంద్రుడి మీద గుంటలెందుకు పడ్డాయో నాకూ తెలిసింది. వినగా వినగా నాకూ ఆయన మీద భక్తి కుదిరింది. ఒక శుక్రవారం ఆ ఫోటోల్లో పెద్దది తీసి, దేవుని గూట్లో మా కులదైవం మార్కండేయస్వామి పక్కన పెట్టి, నుదుట కుంకుమ అద్దాను. అంత చదువు పట్టిన తల మామూలు మనిషి తల ఎట్లా అవుతుంది అనుకున్నాను.

నా కొడుకుది ఇంకో సంబరం. వాడు బొమ్మల చద్దర్లు నేస్తాడు. పేట్ పెద్దమనిషి మా గుమ్మంలోనే నిలబడి, "శాలువ ఎవలన్న కప్తరు. మనం మన చద్దరే ఇయ్యాలె, నడిమిట్ల ఆయన మొఖం రావాలె, పక్కా" అన్నాడు. ఆ మాట వినగానే వాడి కళ్లు మెరిశాయి.

"నెమళ్లు నేసిన, ఏనుగులు నేసిన, తాజ్‌మహల్ నేసిన. మనిషి మొఖం ఒక్కసారి గూడ నేయలే అవ్వా."

"ముక్కు వంకర రానియ్యకురా."

"నా ముక్కు జూస్కుంట నేస్తనా ఏంది?"

ఆయన నల్లటి మనిషి, తల ముగ్గుబుట్ట. అందుకని ముఖానికి కాఫీ రంగు నూలు, జుట్టుకు తెల్ల నూలు పెట్టాడు. సాంచా మీద ముందు గడ్డం, తర్వాత మూతి, ఆ తర్వాత కళ్లద్దాలు జానెడు జానెడుగా పైకి లేస్తుంటే పక్క ఇళ్ల ఆడవాళ్లంతా పని వదిలేసి వచ్చి చూశారు.

ఇంతలో బడిలో ఇంకో సంగతి జరిగింది. సభలో పిల్లల తరఫున ఒక్కరే ప్రశ్న అడగాలి. మా పిల్లను ఎంచారు. నేను వీధిలో కనిపించినవాళ్లందరికీ చెప్పుకొచ్చేలోపు అది మూతి ముడుచుకొని ఇంటికి వచ్చింది. ఏం అడగాలో హెడ్మాస్టరే చెప్పాడట: మీలాగా గొప్పవాళ్లం కావాలంటే మేమేం చేయాలి? ఇది కాక వేరే మాటెత్తితే మైకు గుంజుకుంటానని కూడా అన్నాడట.

"మంచిగనే ఉంది గదనే" అన్నాను.

"గది అందరు అడిగేదే బాపమ్మా. నాకు వేరేది కావాలె. పాత పుస్తకంల చంద్రుని మీద చుక్క నీళ్లు లెవ్వని రాసిండు. ఉన్నయన్నోళ్లకు ఏం తెల్వదని గూడ రాసిండు. కొత్త పుస్తకంల నీళ్లున్నయని ఆయనే రాసిండు. మద్దెల ఏమైంది? గది అడుగుత."

మగ్గం దగ్గరి నుంచి దాని తండ్రి వచ్చాడు. "ఇంటికొచ్చిన సుట్టాన్ని నీ తప్పేందని అడుగుతవా?"

"తప్పంటలేను బాపూ. ఏమైందంటున్న."

"రెండూ ఒకటే."

"ఒకటి గాదు."

నేను కొడుకు పక్షమే పట్టాను. "దేవునసొంటోన్ని పట్టుకొని సవాల్ జేస్తవా పోరీ" అన్నాను.

పిల్ల గూటి వైపు చూసింది. లేచి వెళ్లి ఫోటో తీసుకొచ్చింది. "బాపమ్మా, ఆయన ఆడ కూసుంటె నేనెట్ల అడగాలె? మార్కండేయున్ని ఎవలన్న ప్రశ్న అడుగుతరా?"

"ఎందుకడగం? వాన ఎప్పుడు కొడ్తవని ఏటా అడుగుతనే ఉన్న."

"జవాబు చెప్పిండా?"

నాకు నవ్వొచ్చింది. నా కొడుకు కూడా మూతి అటు తిప్పుకున్నాడు. పిల్ల మాత్రం నవ్వలేదు. ఫోటో మీది కుంకుమను చున్నీ కొసతో మెల్లగా తుడిచింది. "నాకు జవాబు చెప్పేటాయన కావాలె" అంది. ఇక నేను అడుగు అనలేదు, వద్దూ అనలేదు. ఫోటోను మళ్లీ గూట్లో మాత్రం పెట్టలేదు.

సభ రోజు బడి ముందంతా షామియానా. నేను పొద్దున్నే వెళ్లి రెండో వరుసలో చోటు పట్టుకున్నాను. ఆయన కారు దిగి నడిచి వస్తుంటే నా గుండె సాంచాలాగా కొట్టుకుంది. టీవీలో కనిపించేదానికంటే పొట్టి మనిషి. ఒక చెప్పు కాస్త ఈడుస్తూ నడుస్తున్నాడు.

ముందు చద్దరు. మా చద్దరుకు రెండు వైపులా బొమ్మ పడుతుంది, రంగులు మాత్రం తారుమారవుతాయి. మంచి వైపుకు దుమ్ము అంటకుండా దాన్ని లోపలికి పెట్టి మడవడం మా అలవాటు. నా కొడుకు చెయ్యి ఆ అలవాటు ప్రకారమే మడిచింది. స్టేజీ మీద పెద్దమనిషి రెండు కొసలు పట్టుకొని జనం వైపు విప్పేశాడు. చూస్తే, పాలలాంటి తెల్లటి ముఖం, నిగనిగలాడే కాఫీ రంగు జుట్టు. ఎవరో పెళ్లికొడుకు.

బడంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. "తిర్గెయ్యున్రి, తిర్గెయ్యున్రి" అని నా కొడుకు గొణుగుతున్నాడు. ఆయన కళ్లద్దాలు సర్దుకొని, దగ్గరికి వచ్చి చూశాడు. "ఇది నా పెళ్లిచూపులకు ముందే పంపి ఉంటే బాగుండేది కదా" అన్నాడు మరాఠీలో. తానే రెండో వైపు తిప్పి చూసి, "ఇటూ నేనే, అటూ నేనే" అన్నాడు. తర్వాత నా కొడుకును అడిగాడు: "ఇది గోడకా, కప్పుకోవడానికా?"

వాడు చెప్పబోయేలోపే పెద్దమనిషే చెప్పాడు, "గోడకే సార్. కప్పుకుంటే కాళ్లు తగులుతాయి."

"నా కాళ్లే కదా. మా ఊళ్లో చలి ఎక్కువ. కప్పుకుంటాను."

పెద్దమనిషి ముఖం చూడాలి. నాకు మాత్రం ఆ మాటతో ఒళ్లంతా తేలికైంది. మనవరాలి వైపు చూశాను. అది నిటారుగా కూర్చుని ఉంది.

దాని వంతు వచ్చింది. హెడ్మాస్టరు మైకు అందించి, పక్కనే నిలబడ్డాడు. పిల్ల రెండు పుస్తకాల సంగతి చెప్పి, "మధ్యలో ఏమైంది సార్?" అని అడిగేసింది. హెడ్మాస్టరు చెయ్యి మైకు మీదికి పోయింది. స్టేజీ మీద ఆయన చెయ్యి లేచింది. "ఉండనివ్వండి."

ఆయన కుర్చీలోంచి లేచి స్టేజీ ముందుకు వచ్చాడు. నా పిడికిట్లో చీర చెంగు తడిసిపోయింది.

"మధ్యలో నాకు కోపం వచ్చింది" అన్నాడు. ఆయన దగ్గర చదువుకుంటున్న ఒక అమ్మాయి నీళ్ల ఆనవాలు కనబడిందని చెప్పిందట. యంత్రం సరిగ్గా తుడిచి చూడమన్నాడట. తుడిచి చూసి, మళ్లీ అదే చెప్పిందట. గదిలోంచి వెళ్లిపొమ్మన్నాడట. "ఆమె రాసిన కాగితాలు చాలా కాలం ముట్టలేదు. చదివితే ఒప్పుకోవాల్సి వస్తుందని నాకు లోపల తెలుసు. చివరికి చదివాను."

పిల్ల మైకు వదల్లేదు. "కొత్త పుస్తకంలో ఆమె పేరు ఆఖరి పేజీలో ఉంది సార్. చిన్న అక్షరాల్లో."

ఆయన తల వంచాడు. "అవును. మొదటి పేజీలో ఉండాల్సింది."

చప్పట్లు ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక ఆగలేదు. నేనైతే లేచి నిలబడి కొట్టాను. ఎవరికి కొట్టానంటే, ఇద్దరికీ.

ఇంటికొచ్చాక ఫోటో ఎక్కడ పెడదామని అడిగాను. దాని పుస్తకాల పక్కన గోడకు అంటించుకుంది, సరిగ్గా తన కళ్లకు ఎదురుగా.

"ఆ పిల్లను బయటికి ఎల్లగొట్టినందుకు ఆయన మీద కోపమొచ్చింది బాపమ్మా."

"మరి తీసేస్తవా?"

"ఎందుకు తీస్త? ఆయనంటె ఇష్టమే." పుస్తకం తెరిచింది. "ఇగో, చంద్రుని మీద మనుషులు ఇండ్లు కట్టుకొని ఉంటరని రాసిండు. గిది నాకు నమ్మబుద్ధయితలేదు."

"ఎందుకయితలేదు?" అన్నాను.

అది చెప్పడం మొదలుపెట్టింది. తడి ఆరితే చిట్లిపోయే బీడీ ఆకు చాటలో ఆరిపోతూనే ఉంది, నేను కత్తెర ముట్టలేదు.