రంగు ఆరని బానెట్టు

ఇలా దగ్గరికి జరగండి. ఆ గుమ్మంలో కూర్చుంటే రోడ్డు మోతలో నా మాట వినపడదు. చాప మీదికి వచ్చి కాళ్లు చాపుకోండి. ఇది నవ్వుకునే సంగతి కాదు, ముందే చెబుతున్నాను. చెప్పేటప్పుడు నా గొంతు పెరుగుతుంది, మీ మీద కోపం అనుకోకండి.

మాది జగ్గయ్యపేట. నాకు పెళ్లయిన కొత్తలో మా ఆయనకి బజార్లో చిన్న రేకుల కొట్టు ఉండేది. పాదిరీల మిషను బడిలో అక్షరాలకన్నా రేకు పనే ఎక్కువ నేర్చుకొచ్చిన మనిషి. ట్రంకు పెట్టెలు, బకెట్లు, గరాటాలు, బియ్యం డబ్బాలు చేసేవాడు.

ఊళ్లో ఒక పెద్ద ఆసామి ఉండేవాడు. మిరప తోటలూ మేడా ఉన్నవాడు. తెల్లవాళ్ల నాటి పాత కారొకటి కొన్నాడు. దాని ఇంజను చచ్చిపోతే బెజవాడ తీసుకెళ్లి, అంతకన్నా పెద్దది, లారీ ఇంజను పెట్టించాడు. మడ్‌గార్డులు పీకించాడు. నందిగామ బస్సుని దాటిపోవాలని ఆయన సరదా. తీరా చూస్తే ఇంజను పెద్దదైపోయి పైన బానెట్టు మూతపడలేదు. కొత్తది చెయ్యమని మా ఆయన దగ్గరికి వచ్చాడు.

మా ఆయన కారు బానెట్టు ఎప్పుడూ చెయ్యలేదు. అయినా ఒప్పుకున్నాడు. తడిపిన అట్టలు ఇంజను మీద పరిచి ఆకారం తీసుకున్నాడు. ఇసక సంచి మీద రేకు పెట్టి కొయ్య సుత్తితో కొట్టీ కొట్టీ ముక్కు భాగం గుండ్రంగా దించాడు. వేడి బయటికి పోవడానికి రెండు పక్కలా చేప మొప్పల్లాగా గాట్లు తీశాడు. ఆ కారు చట్రం ఒక పక్కకి వంగిపోయి ఉంది. ఆ వంపుకి తగ్గట్టు రేకుని అరగదీయడం, పెట్టి చూడడం, మళ్లీ తీయడం. అన్నానికి పిలిస్తే పలికేవాడు కాదు. పొరుగింటావిడ, మీ ఆయనకి ఆ కారుతో రెండో పెళ్లా ఏంటి అని నన్ను ఏడిపించేది.

ఆసామి రోజూ వచ్చి కొట్లో ట్రంకు పెట్టె మీద కూర్చుని చుట్ట కాలుస్తూ చూసేవాడు. ఒకరోజు సంతోషం పట్టలేక, నీకెప్పుడు అవసరమొచ్చినా ఈ కారు నీదే అనుకోరా అన్నాడట. మా ఆయన ఆ మాట ఇంటికి మోసుకొచ్చి అన్నం తింటూ చెప్పాడు. మా ఆడపడుచు అప్పుడు తొలిచూలు పురిటికి మా ఇంట్లోనే ఉంది. అయితే అన్నయ్యా, నన్నొకసారి ఎక్కిస్తావా అని పొట్ట పట్టుకుని నవ్వింది.

బానెట్టు కారు మీద కూర్చుంది. ఆసామి దొడ్లో దానికి ఎర్ర రంగు వేశాడు మా ఆయన. వేసి ఇంటికొచ్చిన మర్నాడే మా ఆడపడుచుకి నొప్పులు మొదలయ్యాయి. ఎండలు మండుతున్నాయి. మధ్యాహ్నానికి మంత్రసాని చేతులు కడుక్కుని, బిడ్డ అడ్డం తిరిగింది, నా వల్ల కాదు, నందిగామ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపొండి అంది. బస్సు వెళ్లిపోయింది, మళ్లీది పొద్దు వాలాకే. మేమిద్దరం ఆసామి ఇంటికి పరిగెత్తాం. సీటు మీద పరచడానికని నేను బొంత కూడా చంకలో పెట్టుకున్నాను. ఇస్తాడని అంత నమ్మకం.

ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు. విన్నాడు. అయ్యో అని కూడా అన్నాడు. ఆ తర్వాత, "రంగు ఆరలేదు కదరా. ఈ దుమ్ములో తీస్తే నీ పనే పాడవుద్ది" అన్నాడు.

మా ఆయన, "బానెట్టు ఇప్పేస్తానండి. అది లేకపోయినా కారు నడుస్తుందండి" అన్నాడు.

ఆసామి జవాబు చెప్పకముందే మా ఆయన వెళ్లి బోల్టులు విప్పాడు. తడి రంగుకి వేలు తగలకుండా అంచులు పట్టుకుని, పసిబిడ్డని మోసినట్టు మోసుకొచ్చి వసారాలో గోనెపట్టా మీద పెట్టాడు. ఇంజను బయటికి కనబడుతోంది. ఇక చెప్పడానికి ఏం సాకు ఉంది? నేను బొంత తీసి కారు వైపు రెండడుగులు వేశాను.

"ఆగమ్మా," అన్నాడు ఆసామి. "పురిటి మనిషి, అందులోనూ మీ మనిషి. బొంత వేస్తే మైల పోద్దా? రేపు మా ఆడోళ్లు ఎక్కేది ఆ సీటే. కావాలంటే నా ఎడ్లబండి తోలుకుపొండి."

గొంతు పెంచలేదు. తిట్టలేదు. ఎడ్లబండి ఇస్తున్నందుకు మేము దణ్ణం పెడతామని చూస్తున్నట్టు కూర్చున్నాడు. ఆ ముఖం నాకిప్పటికీ కనబడుతుంది, ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కాదనేవాడివి గుమ్మంలోనే కాదనరాదా? మనసులో సీటు పెట్టుకుని నోటితో రంగు పేరు చెబుతావా? ఆ బానెట్టు విప్పినంతసేపూ అక్కడ ఇంట్లో నా ఆడపడుచు అరుస్తూనే ఉంది.

ఆయన బండి మేము ముట్టుకోలేదు. ఊరి చివర మా పేటలో, మావాళ్ల బండి కట్టించుకుని బయల్దేరాం. పెద్ద రోడ్డెక్కి చిల్లకల్లు దాటాక, మిరప బస్తాల లారీ ఒకటి మమ్మల్ని చూసి తనంతట తనే ఆగింది. ఆ డ్రైవరు ఎవరో ఏ ఊరో తెలియదు. మైల అనలేదు, మీదే కులమనీ అడగలేదు. పిల్లని ముందు సీట్లో పడుకోబెట్టుకుని నందిగామ చేర్చాడు.

తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. మగపిల్లాడు. ఇంతసేపు ఎక్కడున్నారమ్మా అని డాక్టరమ్మ నన్ను కసిరింది. ఏం చెప్పను? కారుకి రంగు ఆరలేదని చెప్పనా?

కొన్నాళ్లకి, బానెట్టు బిగించి పొమ్మని ఆసామి కబురు పెట్టాడు. మా ఆయన వెళ్లలేదు. ఇంకో కబురొచ్చింది, వెళ్లలేదు. చివరికి ఆయనే కొట్టుకి వచ్చాడు. పిల్లకి ఎలా ఉందని అడగలేదు. ఎల్లుండి చుట్టాలొస్తున్నార్రా అన్నాడు. మా ఆయన చేతిలో సుత్తి ఆపకుండానే, "బానెట్టు మీ వసారాలోనే ఉందండి. దుమ్ము పడకుండా చూసుకోండి" అన్నాడు. అంతే. ఊళ్లో పెద్దలు, మనవాళ్లే, వచ్చి నచ్చజెప్పారు. పెద్దవాళ్లతో మనకెందుకు, వెళ్లి బిగించి రారాదా అన్నారు. వాళ్ల మీద కూడా నాకు కోపమే.

బెజవాడ నుంచి మేస్త్రీ వచ్చాడు. వంకర చట్రానికి పెట్టి పెట్టి చూసి కుదర్చలేక వెళ్లిపోయాడు. ఆసామి సరదా చంపుకోలేక బానెట్టు లేకుండానే కారు తిప్పడం మొదలుపెట్టాడు. ఊరంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. బోడి ఇంజనుతో ఆ కారు మా ఇంటి ముందు నుంచే నందిగామ వెళ్లేది, వచ్చేది. ఎండల్లో వెళ్లింది, దుమ్ములో వెళ్లింది. ఆ మోత వినపడగానే మా ఆడపడుచు చేతిలో పని వదిలేసి గోడవైపు తిరిగి కూర్చునేది. ఆ రోజు కూడా ఆ కారు అలాగే వెళ్లగలిగేది. అది ఎలా మర్చిపోమంటారు?

చెప్పేశాను. లేవండి, మంచినీళ్లు తాగి వెళ్లండి. మీ ఇళ్లలో పురుళ్లన్నీ చల్లగా జరగాలి. తల్లీ బిడ్డా ఇద్దరూ నవ్వుతూ ఇంటికి రావాలి. మీ గుమ్మం ముందు ఎవరు ఆయాసపడుతూ నిలబడినా, మీరెవరని అడగకుండా లేచే మనసు దేవుడు మీ అందరికీ ఇవ్వాలి.