నూర్జహానక్క చెప్పని మాట

ఒక అబద్ధం ఎంత బరువుంటుందో నాకు చాలాకాలం తెలియలేదు. చెప్పిన రోజు తేలిగ్గానే ఉంది. అన్నం తింటూ చెప్పాను. చెప్పాక ఇంకో ముద్ద తిన్నాను కూడా. ఆ ముద్ద ఇన్నేళ్ళయినా గొంతు దిగలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు. నా పేరు అడగకండి. సినిమాలకు రాస్తాను. మాది నెల్లూరు జిల్లాలో అల్లూరు పక్కన, సముద్రపు హోరు వినపడేంత దగ్గరలో ఉన్న ఊరు. అంతవరకు చాలు.

మస్తానక్క మా పెద్దమ్మ కూతురు, దర్గాకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు. మా అమ్మ నాట్లకూ కోతలకూ పోతే నన్ను నిద్రలేపి, ముఖం కడిగి, సద్దన్నం పెట్టి బడికి తోలింది ఆమే. నాకు తోడబుట్టిన అక్క లేదు. ఉన్నా ఇంతకంటే ఎక్కువ చేసేది కాదు. ఆమె భర్త రొయ్యల గుంటల మీద పని చేసేవాడు. పని లేని రోజుల్లో పడవెక్కి వేటకు పోయేవాడు. ఒక తుఫానుకు ముందు రోజు ఇంట్లోంచి వెళ్ళాడు. ఆ తుఫానులో మా రేవు పడవ ఒకటి తిరిగి రాలేదు. అతను అందులోనే ఉన్నాడని ఊరంతా అనుకుంది. మస్తానక్క గాజులు తీశారు, బొట్టు తుడిచారు. కూతురు మాధవి అప్పటికి చంకలో పిల్ల. పోయినవాళ్ళ ఇళ్ళకు సర్కారు సాయం చేస్తుందని ఎవరో కాగితాలు తెస్తే అక్క వేలిముద్ర వెయ్యనంది. ఎంత ఆత్మాభిమానం ఉన్న మనిషో అని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆమె ఎందుకు వద్దందో తెలిసింది ఇద్దరికే. ఒకరు నూర్జహానక్క. ఇంకొకణ్ణి నేను.

నూర్జహానక్క అల్లూరులో బట్టలు కుట్టేది. మస్తానక్క, ఆమె బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. ఏటా నెల్లూరు రొట్టెల పండగకు ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు. పిండి కలిపి రొట్టెలు కాల్చేది నూర్జహానక్క, మూట మోసేది మస్తానక్క. ఆ పండగ తెలియనివాళ్ళ కోసం చెబుతాను. దర్గా పక్కన చెరువు నీళ్ళలో నిలబడి, కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు. అదే కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఏది కావాలో పైకి అడగాలి. తీరితే మరుసటి ఏడు మనమే రొట్టె తెచ్చి, ఆ కోరికే ఉన్న ఇంకొకరికి ఇవ్వాలి.

ఒక ఏడు నన్నూ తీసుకెళ్ళారు. అప్పటికి నేను హైదరాబాదులో ఓడిపోయి ఇంటికి వచ్చి ఉన్నాను. నేను రాసిన సీన్లు ఎవరి పేరుతోనో తెర మీదికి పోయేవి. చెప్పిన కథలు విని ఆవలించేవాళ్ళు. సినిమా రొట్టె ఎవరి దగ్గరుందో కేకెయ్యమని నూర్జహానక్క నన్ను ఆటపట్టించింది. చివరికి ఉద్యోగం రొట్టె పుచ్చుకున్నాను. ఆమె దర్గా లోపలికి వెళ్ళింది. మస్తానక్క మాత్రం మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉత్త చేతులతో నిలబడి ఉంది. నువ్వేమీ అడగవా అన్నాను. గట్టెక్కి, తడిసిన చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ కూర్చుంది. నాకు కావలసిన రొట్టె ఇక్కడ ఎవరి దగ్గరా ఉండదంది. తర్వాత అంతా చెప్పింది.

అతను పడవెక్కలేదు. మద్రాసులో ఉన్నాడు, ఇంకో ఆడమనిషితో. బట్టలు తేవడానికి వెళ్ళిన నూర్జహానక్క తమ్ముడు కళ్ళారా చూశాడు. కర్మ జరగక ముందే నూర్జహానక్క వచ్చి ఆ సంగతి చెవిలో వేసింది. మస్తానక్క ఒక పూట ఆలోచించుకుంది. వదిలేసి పోయినవాడి కూతురనిపించుకోవడం కంటే సముద్రంలో పోయినవాడి కూతురనిపించుకోవడం పిల్లకు మేలనుకుంది. చెయ్యి చాపి గాజులు తీయించుకుంది. అతను ఎన్నటికీ తిరిగి రాకూడదని ఆమె కోరిక. ఆ కోరికకు రొట్టె ఎవరిస్తారు?

అప్పుడు ఒక మాట అంది. "బతికుండే మొగుడికి బొట్టు తుడుచుకున్నాను రా."

నేను ఏం చేశానో చెబుతాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది నటన కాదు. కానీ అదే క్షణంలో నాలో ఇంకొకడు ఆ మాటను తీసి దాచుకున్నాడు. ఎంత మంచి మాట అనుకున్నాడు. వాడు నేను కాదని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కాకపోతే మరెవరు?

ఆ తర్వాత ఒక డైరెక్టరు దగ్గర పని దొరికింది. కథా చర్చల్లో అందరం ఇరుక్కుపోయి ఉన్నాం. హీరో తల్లి పాత్రకు పట్టు లేదని ఆయన రోజూ విసుక్కునేవాడు. ఈసారి కూడా ఏమీ ఇవ్వలేకపోతే నన్ను పంపేస్తారని తెలుసు. ఊరికి పోయి రొయ్యల గుంటల మీద కాపలా ఉండాలి. నోరు తెరిచాను. మస్తానక్క కథ చెప్పాను. నేనే కల్పించినట్టు చెప్పాను. డైరెక్టరు లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు చాలా తక్కువ.

చాలా మార్చానని ఇన్నాళ్ళూ సమర్థించుకున్నాను. ఊరు మార్చాను. కూతుర్ని కొడుకును చేశాను. రొయ్యల పనిని లారీ డ్రైవరు పని చేశాను. సముద్రాన్ని, సాయం వద్దనడాన్ని వదల్లేకపోయాను. ఆ ఒక్క మాటనూ వదల్లేకపోయాను. దాని బదులు ఎన్నో రాసి చూశాను, కాగితం మీద అన్నీ చచ్చి పడి ఉన్నాయి. నేను అన్నేళ్ళు నేర్చుకున్న రాత అంతా కలిపినా మా అక్క గట్టు మీద కూర్చుని అన్న మాటకు సరిపోలేదు. ఆమెను అడిగి ఉండవచ్చు కదా అంటారు. ఎందుకు అడుగుతాను? వద్దంటుందని తెలుసు కదా.

కథ డైరెక్టరు పేరు మీద పోయింది. సహకారం అన్న వరుసలో, ఎవరూ చదవని చోట, నా పేరు పడింది. దానికి ఆ రోజుల్లో ఎంత ఏడ్చానో. అయినా ఊరికి ఫోన్ చేసి, నేను పని చేసిన సినిమా వచ్చింది, వెళ్ళి చూడండి అని చెప్పాను. అక్క గుర్తుపట్టదనుకున్నానా? గుర్తుపట్టినా గర్వపడుతుందనుకున్నానా? నిజంగా తెలియదు. ఆలోచించకుండా ఉండటం బాగా అలవాటైపోయి ఉంది నాకు.

మస్తానక్క, మాధవి, నూర్జహానక్క ముగ్గురూ నెల్లూరు వెళ్ళి హాల్లో పక్కపక్కనే కూర్చున్నారు. తెర మీద తల్లి ఆ మాట అంది. హాలంతా చప్పట్లు కొట్టింది. మస్తానక్క తల తిప్పి నూర్జహానక్క ముఖంలోకి చూసింది. తర్వాత లేచి బయటికి వెళ్ళిపోయింది. మాధవి అప్పటికి పెద్దదైంది, తెలివైన పిల్ల. ఖాళీ అయిన సీటు వైపు చూసింది, తెర వైపు చూసింది.

నేను ఊరికి వెళ్ళాను. అక్క ఎప్పటిలాగే పీట వేసి అన్నం వడ్డించింది. చేపల పులుసు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుంది.

"అబ్బయా, ఒకటి అడగతా, నిజం చెప్పు. ఆ కథ నువ్వేనా రాసింది?"

"నేను కాదక్కా. నేను చేరేసరికే రాసి పెట్టుండారు."

"ఆ మాట నేను ఇద్దరి కాడే అన్నా. నీ కాడ, నూర్జహాన్ కాడ."

"కథ డైరెక్టరుది. పేరు కూడా ఆయనదే ఏసినారు కదా, నువ్వూ చూసినావు."

"అయితే అదే చెప్పుంటాదా? షాపుకు వచ్చేవోళ్ళతో ఏదో మాటల్లో జారిందంటావా?"

ఇంకో ముద్ద కలుపుకున్నాను.

"నువ్వు చెప్పవులే, నాకు తెలస్తాది. దాన్ని నమ్మినాను రా నేను," అంది అక్క. నా గిన్నెలో ఇంకాస్త పులుసు పోసింది.

చూశారా. కథకు నా పేరు వెయ్యలేదని ఏడ్చినవాణ్ణి ఆ పూట ఆ పేరు లేకపోవడం వెనకే దాక్కున్నాను. ఆమె తన ప్రాణస్నేహితురాలిని నా కళ్ళముందే దోషిని చేస్తుంటే, కాదని తల ఊపడానికి ఎంతసేపు పడుతుంది? కథ దొంగిలించడం ఒక తప్పు. దానికి ఆకలి, భయం, ఆశ, ఏదో ఒక సాకు చెప్పుకోగలను. ఈ రెండో దానికి సాకు లేదు. అక్క నన్ను ప్రేమిస్తూనే ఉండాలి, అంతే. దానికి ఇంకొకరు బలైనా సరే అనుకున్నాను.

అక్క అల్లూరు వెళ్ళి నూర్జహానక్కతో పోట్లాడింది, వాళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. మాధవి ప్రతి ఏడూ తుఫాను వచ్చిన రోజున రేవుకు వెళ్ళి, నాన్న పేరు చెప్పి నీళ్ళలో పూలు వదిలేది. ఆ ఏడు వెళ్ళలేదు. తల్లిని ఏమీ అడగలేదు. ఇంట్లోనే కూర్చుని చదువుకుంది. మస్తానక్క రొట్టెల పండగకు వెళ్ళడం మానేసింది. నాకు మాత్రం అవకాశాలు వచ్చాయి. ఉద్యోగం రొట్టె ఫలించింది. నేను తిరిగి ఇవ్వాల్సిన రొట్టె ఇంతవరకు ఇవ్వలేదు. ఎవరు కాల్చి ఇస్తారు?

ఒకసారి అల్లూరులో నూర్జహానక్క షాపు ముందు నుంచి వెళుతుంటే ఆమె చూసి పిలిచింది. మిషను ఆపి, బాగుండావా తమ్ముడూ అంది. టీ తెప్పించింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా సినిమా ఊసే ఎత్తలేదు. అక్కను అడిగినట్టు చెప్పమని కూడా అనలేదు. ఆమెకు తెలుసా? ఆ గట్టు మీద నాకూ చెప్పిందని మస్తానక్క పోట్లాటలో అనే ఉంటుంది. అలాగైతే నూర్జహానక్కకు లెక్క తేలడం ఎంతసేపు? తెలిసీ నన్ను పట్టివ్వకుండా వదిలిందా, అక్కకు తమ్ముడైనా మిగలనీ అని? లేక నాకు నేను మంచి సీను రాసుకుంటున్నానా? అడగాల్సింది. టీ తాగి లేచి వచ్చేశాను.

మొన్న ఆమె పోయింది. గుండెపోటు. మస్తానక్క అల్లూరు వెళ్ళి, ఆ ఇంటికి ఎదురు అరుగు మీద మధ్యాహ్నం దాకా కూర్చుని, లోపలికి వెళ్ళకుండానే తిరిగి వచ్చింది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసింది. ఏడుస్తోంది. "ఒక్కసారి అవును చెప్పినా అనుంటే ఎప్పుడో మన్నించేసేదాన్ని రా. చచ్చిందాకా కబురంపినప్పుడల్లా నేను చెప్పలా, చెప్పలా అనే అనింది. అంత పంతమేందిరా దానికి?"

నేను ఊఁ అన్నాను.

ఆ ఊఁ తర్వాత నాకు నిద్ర లేదు. నిజం చెప్పిన మనిషి మొండిదన్న పేరుతో మట్టిలోకి పోయింది. అబద్ధం చెప్పిన నన్ను పట్టుకుని అక్క ఓదార్పు కోసం ఏడుస్తోంది. క్షమించమని ఎవరిని అడగను? ఇద్దరిలో ఒకరు లేరు. రెండో ఆమెకు చెబితే, స్నేహితురాలు పోయిందన్న దుఃఖం మీద, ఆమెను ఉత్తపుణ్యానికి దూరం చేసుకున్నానన్న దుఃఖం వచ్చి పడుతుంది. అందుకే చెప్పడం లేదు అని రాయబోయాను. ఆగాను. ఇది కూడా సాకే. అక్క మీద దయ అని పేరు పెట్టి మళ్ళీ నన్ను నేను కాపాడుకుంటున్నాను. ఈ కాగితం మీద కూడా పేరు పెట్టలేదు చూడండి.

మస్తానక్కకు చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాట ఎలాంటిదో మీకిప్పుడు తెలుసు. కానీ ఇన్ని సినిమాలకు ఇందరి చేత ఎన్నో మాటలు పలికించి, ఒక్క వాక్యం మాత్రం ఎన్నడూ రాయలేదు. నాలో నేను కూడా చివరిదాకా అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఛాతీ మీద నుంచి ఏదో కాస్త పక్కకు జరిగినట్టుంది. అది క్షమాపణ కాదని తెలుసు.

అక్కా, నూర్జహానక్క ఎవరికీ చెప్పలేదు. చెప్పింది నేను.