పక్కకు తిప్పుకున్న పీట

తొంభైల్లో మాట. పెళ్లయి ఏడాది తిరక్కముందే మహారాష్ట్రలోని భివండీ కామత్‌ఘర్‌లో మా మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుట్టే పనిలో కూర్చున్నాను. ఎదురుగా మా తోడికోడలు లక్ష్మక్క. ఆ రొదలో గొంతు చించుకున్నా పక్కమనిషికి వినపడదు. అందుకే కండె మార్చినప్పుడల్లా తలెత్తి ఒకరినొకరు చూసుకోవాలని అత్తమ్మ నేర్పింది.

నల్లా నీళ్ల దగ్గర గొడవై మా మధ్య మాటలు ఆగిపోయాయి. ఆమె ముఖం కనపడకూడదని ఆ రోజు నా పీట పక్కకు తిప్పుకున్నాను. దూది దుమ్ముకు మెడచుట్టూ చుట్టుకున్న కొంగు, వెనక తిరుగుతున్న యంత్రం బెల్టులో పడింది. అది మెడకు బిగుసుకుపోతోంది. అరిచాను. నా అరుపు నాకే వినపడలేదు. ఇక అయిపోయాననుకున్నాను.

ఒక్కసారిగా షెడ్డంతా నిశ్శబ్దమైంది. మెయిన్ స్విచ్చు దగ్గర నుంచి లక్ష్మక్క పరుగెత్తుకొచ్చింది. నా మెడకు బిగుసుకున్న కొంగు విప్పింది.

"నాతోని మాట్లాడుతలేవు గదక్కా, నన్నెట్ల చూసినవ్?" అన్నాను ఏడుస్తూ.

"మాటలు బంద్ జేసిన గని, నిన్ను చూసుడు బంద్ జేసిన్నా?" అంది, ఇంకా కోపంగానే.

ఆ బిగువు ఇప్పటికీ నిద్రలో మెడకు తగులుతుంది. ఎవరి మీదైనా కోపమొస్తే ఇప్పుడూ మాట మానేస్తాను. పీట మాత్రం పక్కకు తిప్పను.