అత్తయ్య అక్షరాలకు కాలిబాటలు

బైబిలు మీద ఒట్టేయబోతే మా మేనత్త చెయ్యి పట్టుకుంది. "నీ ఒట్లకి దాన్ని వాడకబ్బాయ్," అంది. అందుకని ఆవిడకి నేను కొనిచ్చిన ఈ-రీడర్ మీదే చెయ్యి పెట్టి చెబుతున్నాను: ఈ కథలో ప్రతి మాటా నిజం.

దివిసీమలో వాళ్ళ ఊరి చర్చిలో వాక్యం చదివేది అత్తయ్యే. చూపు మందగించి, ఒక ఆదివారం తడబడింది. ఇంకోసారి తడబడితే ఆ పని తన తోడికోడలికి పోతుందని బెంగ. శనివారం పొద్దున్నే బైబిలు ఎక్కించిన ఈ-రీడర్ సంచిలో వేసుకుని, గుడివాడలో బస్సెక్కి, పామర్రు మీదుగా వెళ్ళాను. అందులో నేను పెట్టిన సొగసైన తెలుగు ఫాంటు చూస్తే అత్తయ్య మురిసిపోతుందని నా ధీమా.

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుంది. "పెళ్ళికి ముస్తాబైనట్టున్నాయి గానీ, ఇవి చదవడానికి రాలేదురా."

సన్నటిది పెట్టాను.

"ఇవి ఉపవాసమా?"

లావుపాటిది పెట్టాను. సున్నాలన్నీ పూడిపోయి మినప గింజల్లా అయ్యాయి. చివరికి మరీ లావూ సన్నమూ కాని సాదా ఫాంటు దొరికింది. సైజు పెంచాను. అక్షరాలు పెరిగాయి, కింద వత్తులూ పెరిగాయి. పై లైను వత్తులు దిగి వచ్చి కింది లైను గుడుల మీద కూర్చున్నాయి.

"ఇంత ఒత్తుగా నాటావేంట్రా? కాలిబాటలు తియ్యవూ? చేలో గాలాడకపోతే పైరుకి దోమ పడుతుంది."

ఒక్కసారిగా వెలిగింది నాకు. ఇన్నాళ్ళూ అక్షరాల వంకే చూశాను, వాటి మధ్య ఖాళీ వంక చూడనే లేదు. లైన్ల మధ్య ఎడం పెంచాను. వత్తులు వేటికవి హాయిగా కాళ్ళు చాపుకున్నాయి. అత్తయ్య కళ్ళజోడు పైకి నెట్టి, గడగడా పేజీ చదివేసి, నా వీపు మీద ఒక్కటిచ్చింది.

ఆదివారం ఎక్కడా ఆగకుండా చదివింది. ఆ గొంతుకి కృష్ణ అవతలి ఒడ్డున పడవవాడు తెడ్డు వదిలేసి ఆమెన్ అన్నాడు. బయటికొచ్చాక తోడికోడలు అడిగింది: "ఆ ఫాంటేదో నాకూ పెట్టించక్కా."

సరే, ఒప్పుకుంటాను. పడవవాడు నా సృష్టి. ఆ చర్చి నుంచి కృష్ణ కనపడదు కూడా. ఎక్కడా ఆగలేదన్నదీ అబద్ధమే. ఒకచోట ఆగింది. అక్షరం అందక కాదు, తోడికోడలి ముఖం ఎలా ఉందో చూడ్డానికి.