అరగంట దూప

అన్నం ముద్ద ఛాతీ నడుమ ఇరుక్కుంటే కిందికీ పోదు, పైకీ రాదు. ఆ బాధ పగవాళ్లకు కూడా వద్దు. నిజామాబాద్ దవాఖానలో గొట్టం వేసి చూసి, అన్నవాహికలో వాపు ఉందన్నారు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆవిరిగా పీల్చే మందునే నన్ను తేనెలో కలుపుకుని రోజూ రెండు పూటలా మింగమన్నారు. అది లోపలి గోడలకు పూతలా అంటుకోవాలట. అందుకని మింగాక అరగంట దాకా మంచినీళ్లు కూడా తాగొద్దన్నారు. ఎన్నాళ్లు అని అడిగితే, ఏళ్ల తరబడి అన్నారు.

మా అత్తమ్మ ఆర్మూర్‌లో పసుపు ఏరే పనికి పోతుంది. పసుపుకు లొంగని వాపు ఉందంటే ఆమె ఎక్కడ నమ్ముతుంది! నేను మందు మింగడమే ఆలస్యం, పసుపు పాల గ్లాసుతో తయారు. "తాగు బిడ్డా, లోపలి పుండు మానుతది" అనేది. ప్రేమగా ఇస్తుంటే కాదనలేక గటగటా తాగేదాన్ని. రెండు నెలలైనా ముద్ద సాఫీగా దిగలేదు. డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగితే పాల సంగతి బయటపడింది. మందంతా ఆ పాలతోనే కడుపులోకి కొట్టుకుపోతోందట.

ఇంకొకరైతే తప్పు ఒప్పుకునేవారా? నా వెంట వచ్చిన అత్తమ్మ అక్కడికక్కడే చెంపలేసుకుంది. "నాదే తప్పు మేడం. ఇగ నేను చూస్కుంట" అంది. నిజంగానే చూసుకుంది. పొద్దున నేను మందు మింగగానే ఎదురుగా కూర్చునేది. అరగంట అయ్యేదాకా నన్ను నీళ్ల బిందె వైపు పోనిచ్చేది కాదు.

కొన్ని నెలలకు జొన్న రొట్టె కూడా హాయిగా దిగింది. ఇక నాకెందుకీ మందు అనుకున్నాను. ఆమె ముందు ఉత్త చెంచా నోట్లో పెట్టుకుని, బుద్ధిగా అరగంట కూర్చుని లేచేదాన్ని. పదిహేను రోజులకు అత్తమ్మ తేనె సీసా తెచ్చి నా కుట్టుమిషన్ మీద ఠక్కున పెట్టింది.

"తేనె జరంత కూడ తగ్గలే. నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నవా?"

"నాకు మంచిగైంది గదా! బతికినన్ని రోజులు మింగుకుంట కూసోవాల్నా?" అని గయ్యిమన్నాను.

"పసుపు కొమ్ము పైకి ఎండినట్టే ఉంటది. ఇరిచి చూస్తెనే లోపటి పచ్చి ఎర్కయితది. పద దవాఖానకు."

మళ్లీ గొట్టం వేశారు. ముద్ద ఇంకా అడ్డం పడలేదు గానీ, లోపల వాపు తిరిగొచ్చేసింది. ఇలాగే వదిలేస్తే దారి సన్నబడిపోతుందని డాక్టరమ్మ కోప్పడింది. ఇంటికొచ్చేదాకా అత్తమ్మ ఒక్క మాట దెప్పలేదు.

మర్నాడు పొద్దున బుద్ధిగా మందు మింగి కూర్చున్నాను. ఎండాకాలం, గొంతు పిడచగట్టుకుపోతోంది. ఎదురుగా అత్తమ్మ. ఆమె పక్కన ఛాయ్ గ్లాసు నిండుగా ఉంది, పైన మీగడ కట్టింది. ఛాయ్ పడనిదే ఆమెకు తల లేవదు. పైగా పనికి వేళవుతోంది.

"తాగవేంది అత్తమ్మా?"

"నువ్వు దూపతోని కూసుంటే, నీ ముంగట నేనెట్ల తాగుత బిడ్డా?"

అప్పుడు గుర్తుకొచ్చింది. చెంపలేసుకున్న నాటి నుంచీ ఆ గ్లాసు రోజూ అలాగే చల్లారుతోంది. నేను ఉత్త చెంచా నాకిన ఆ పదిహేను రోజులూ కూడా.