అమావాస్య నాడు గీసిన అంచు

1998. మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే పనిలో దిగి అప్పటికి నాకు ఆరేళ్ళు. బజారులో చీరల దుకాణం నడిపే ఖాజా సాబ్ ఒకరోజు పిలిచి తన ఇబ్బంది చెప్పారు. దుకాణంలో ఒక కంప్యూటర్, నారాయణపేటలో ఆయనకు చీరలు నేసిచ్చే నర్సప్ప ఇంట్లో ఇంకొకటి ఉన్నాయి. అక్కడ నర్సప్ప కోడలు పద్మ అంచుల డిజైన్లు గీస్తుంది, ఇక్కడ వాటిని గిరాకీకి చూపించాలి. ఫ్లాపీలు బస్సులో వచ్చేసరికి రెంటిలో ఒకటి చెడిపోయేది.

“మేడం, ఆడ గీసింది ఈడ కనవడాలె. గంతే,” అన్నారు.

గంతే అన్న పనులే ప్రాణం తీస్తాయి. అయినా నాకు హుషారు పుట్టింది. ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో లినక్స్ ఉంది. అది ఓపెన్ సోర్స్, అంటే లోపలి రాతతో సహా అందరికీ ఇచ్చేసిన సాఫ్ట్‌వేర్. అందులోనే ఆర్‌సింక్ అనే ప్రోగ్రాం ఉంది. రెండు కంప్యూటర్లలోని ఫైళ్ళను పోల్చి, మారిన ముక్కను మాత్రమే పంపుతుంది. ఫోన్ లైను ఎప్పుడు తెగుతుందో తెలియని రోజుల్లో అంతకన్నా ఏం కావాలి? రెండుచోట్లా లినక్స్ ఎక్కించి, ఫోను తీగకు మోడెం తగిలించి, రోజూ సాయంత్రం రెండు కంప్యూటర్లూ ఒకటయ్యేలా పెట్టాను. ఒకే ఫైలు రెండుచోట్లా ఉంటే కొత్త తేదీ ఉన్నదే నిలవాలని నియమం. కరెంటు పోయినప్పుడల్లా నారాయణపేట కంప్యూటర్ తేదీ తప్పేది, దాన్ని సరిచేయడం పద్మకు నేర్పాను. మూడు నెలలు చక్కగా నడిచింది. నా భుజం నేనే తట్టుకున్నాను.

ఒక గురువారం పొద్దున పద్మ ఫోన్ చేసింది.

“మేడం, పాత అంచు మొత్తం గీసి పెట్టిన. ఇయ్యాల తెరిస్తె సగమే ఉన్నది.”

అది మామూలు అంచు కాదు. నర్సప్ప వాళ్ళ అవ్వ కట్టిన చీరది. ఆ నేత ఎవరికీ గుర్తులేదు. పోగు పోగూ విప్పుతూ నర్సప్ప లెక్క చెబుతుంటే, ఒక్కో పోగుకు ఒక్కో గడి చొప్పున పద్మ కంప్యూటర్‌లో నింపింది. విప్పిన చీర మళ్ళీ చీర కాదు. ఫైలు పోతే ఆ అంచు లోకంలో ఇంకెక్కడా లేదు.

“సేవ్ చేసినవా?” అన్నాను.

“రెండుసార్లు చేసిన మేడం.”

నేను నమ్మలేదు. నేను పెట్టిన ఏర్పాటులో తప్పుంటుందన్న ఆలోచనే రాలేదు. మళ్ళీ ఆర్‌సింక్ నడపొద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఖాజా సాబ్ అడిగితే, “ఆ అమ్మాయి సేవ్ చెయ్యలేదు” అని తేల్చేశాను. ఆయన నిట్టూర్చి, పద్మ బదులు హైదరాబాద్ నుంచి నేర్చినవాళ్ళను పిలిపిస్తానన్నారు. నేను ఊరుకున్నాను. ఇప్పటికీ ఆ ఊరుకోవడం తలచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు బస్సెక్కి నారాయణపేట వెళ్ళాను. నర్సప్ప ముందు రంగు వెలిసిన దారాల కుప్ప ఉంది. పద్మ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కంప్యూటర్ ముందు కూర్చుని ఫైళ్ళ పూర్తి జాబితా తెరిచాను. సగం అంచు పక్కనే, అదే పేరు చివర అలలాంటి తోక గుర్తుతో (~) ఇంకో ఫైలు ఉంది. ఆర్‌సింక్ ఒక ఫైలు మీద ఇంకోటి రాసేముందు పాతదాన్ని దాచిపెట్టమని మొదట్లో నేనే ఒక ఆప్షన్ పెట్టి మరిచిపోయాను. బొమ్మల ప్రోగ్రాంకు ఆ తోక ఫైళ్ళు కనిపించవు. తెరిచాను. నిండు అంచు.

పద్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కానీ దాని తేదీ సోమవారం. సగం అంచుది మంగళవారం. పూర్తయింది ముందు, సగం తరువాతా?

“గీసింది బుధారమే బిడ్డా,” అన్నాడు నర్సప్ప. “బుధారం అమాస. అమాస నాడు మేం మగ్గం ముట్టం. ఇప్పిన పోగులు ఇడిస్తె గాలికి కలిసిపోతయి. అందుకని, మంచిరోజని సోమారం పనిల కలుపుమన్న.”

పద్మ కంప్యూటర్ తేదీని సోమవారానికి జరిపి, గీసి, సేవ్ చేసి, మళ్ళీ బుధవారానికి తెచ్చింది. సాయంత్రం ఆర్‌సింక్ నా నియమం ప్రకారమే, మంగళవారం మహబూబ్‌నగర్ చేరిన సగం అంచును కొత్తదనుకుని నిండు అంచు మీద పరిచింది.

“తేదీ మార్చిన సంగతి ఫోన్ల ఎందుకు చెప్పలే?” అన్నాను.

“మీరు సేవ్ చేసినవా అని ఒక్కటే అడిగితిరి గద మేడం.”

అక్కడినుంచే ఖాజా సాబ్‌కు ఫోన్ చేసి తప్పు నాదేనని, పద్మను మార్చొద్దని చెప్పాను. “జర నిమ్మళమైంది మేడం, రాత్రంత గదే ఫికర్,” అన్నారాయన.

ఇక గడియారం జోలికి పోకుండా, మంచిరోజు పేరును ఫైలు పేరులోనే రాసుకొమ్మని పద్మకు చూపించాను. నర్సప్ప విని తలూపాడు, “మరి అమాసకు దీనిక్కూడ సెలవియ్యరాదా?” అన్నాడు. ఇచ్చాము. ఆ కంప్యూటర్ ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అమావాస్యకు మగ్గంతో పాటే ఆగేది.

ఆ తరువాత ఎన్నో దుకాణాల్లో, ఆఫీసుల్లో పనిచేశాను. ఏదైనా పోయిందని ఎవరు పిలిచినా, సేవ్ చేశారా అని అడగడం మానేశాను. “ఆ రోజు ఏమేం చేశారో మొదటినుంచి చెప్పండి” అంటాను, చెప్పేదాకా కీబోర్డు ముట్టను.